కెప్టెన్ పినపాక వచ్చిన రోజు

“హైదరాబాదులో ట్రైనింగుకు వస్తున్నాను. మధ్యలో ఒక రోజు సెలవు ఉంది. నేను తీసుకొచ్చిన ఆ మనిషిది మీ జిల్లానే అని అప్పట్లో చెప్పారు కదా. అతనికి అభ్యంతరం లేకపోతే ఒకసారి చూడాలని ఉంది.”

కెప్టెన్ నుంచి ఈ మెసేజ్ వచ్చినప్పుడు నేను టేకులపల్లిలో మా షాపులో కూర్చుని ఎవరిదో బోరు మోటారు విప్పుతున్నాను. చేతులకు గ్రీజు అంటుకుని ఉంది. అలాగే వంగి చదివాను. చదివాక ఆ మోటారు మీద ధ్యాస నిలవలేదు. చేతులు కడుక్కుని ఇంట్లోకి వెళ్ళి మా ఆవిడకు చెప్పాను.

“ఎవరూ, ఆ హెలికాప్టర్ అమ్మాయేనా?” అంది. ఆమెకు నా దగ్గర విని విని ఆ కథంతా తెలుసు.

నేను వాయుసేనలో హెలికాప్టర్ మెకానిక్‌గా పనిచేసి రిటైరయ్యాను. మా తాతల కాలంలో కోస్తా నుంచి పొలాల కోసం ఇటు వచ్చి స్థిరపడ్డ కుటుంబం మాది. ఇంట్లో అందరూ వ్యవసాయంలోనో వ్యాపారంలోనో ఉంటే నేనొక్కణ్ణే స్పానర్లు పట్టుకుని తిరిగాను. ఆ ఉద్యోగంలో ఉండగా ఒక ఏడాది నన్ను ఆఫ్రికా పంపారు. అక్కడ ఒక దేశంలో అంతర్యుద్ధం ఆగీ ఆగకుండా సాగుతుంటే, శాంతి కాపాడడానికని చాలా దేశాల సైన్యాలు కలిసి క్యాంపు పెట్టాయి. మన పటాలం ఒకటి, మన హెలికాప్టర్లు కొన్ని అక్కడ ఉండేవి. ఎర్రమట్టి రన్‌వే. దాని పొడుగునా వరసగా ఒక్కో దేశం గుడారాలు.

మా పక్క గుడారాల వాళ్ళే కెప్టెన్ వాళ్ళు. సముద్రం మధ్యలో దీవుల మీద ఉన్న చాలా చిన్న దేశం. ఆ దేశం పేరు వాళ్ళను కలిసేదాకా నేను వినలేదు. వాళ్ళ మొత్తం వాయుసేన మా ఒక్క యూనిట్‌లో సగం కూడా ఉండదు. రెండు హెలికాప్టర్లు వేసుకుని ఇంత దూరం వచ్చారు. “ఇంటి దగ్గర ఇంకెన్ని ఉన్నాయి?” అని మొదటి రోజుల్లో వాళ్ళ మెకానిక్‌ను అడిగితే, “ఒకటుంది. దాని ఇంజన్ కూడా విప్పేసి ఉంది” అని పకపకా నవ్వాడు.

మరి ఎందుకొచ్చారు అని మావాళ్ళు అనుకునేవాళ్ళు. కెప్టెన్ ఒకసారి టీ తాగుతూ చెప్పింది. “మాది చిన్న దేశం. రేపు మాకు తుపాను వచ్చి దీవులు కొట్టుకుపోతే ఎవరో ఒకరు రావాలి. మేము ఎవరికీ ఎప్పుడూ వెళ్ళకపోతే మా కోసం ఎవరొస్తారు?” ఆమె అప్పటికి ముప్పై దాటని మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో పుట్టింది. తమ దేశంలో హెలికాప్టర్ నడిపిన మొదటి ఆడమనిషి తనేనని వాళ్ళ మెకానిక్ చెప్తే తెలిసింది నాకు. ఆమె చెప్పలేదు.

వాళ్ళ దగ్గర ప్రతిదానికీ కొరతే. ఫిల్టర్లు మా దగ్గర తీసుకునేవాళ్ళు, పనిముట్లు మా దగ్గర తీసుకునేవాళ్ళు. ఆ ఎర్రదుమ్ము రెక్కల అంచుల్ని గీకి పారేసేది. మేము ఒక పట్టీ అంటించి వాటిని కాపాడుకునేవాళ్ళం. ఆ పని వాళ్ళకు నేర్పింది నేనే. బదులుగా ఎండుచేప కాల్చి పెట్టేవాళ్ళు. ఆదివారాలు గిటారు పట్టుకుని వాళ్ళ భాషలో ప్రార్థన పాటలు పాడేవాళ్ళు. పెద్ద దేశాల వాళ్ళు వాళ్ళను కొంచెం తక్కువగా చూసేవాళ్ళన్న మాట నిజం. పొద్దున బ్రీఫింగుల్లో వాళ్ళ కమాండర్‌ను చివర్లో అడిగేవాళ్ళు, ఒక్కోసారి అడగడమే మర్చిపోయేవాళ్ళు. ఆయన ఏమీ అనేవాడు కాదు. పెద్దమనిషి. నెత్తి మీద నెరిసిన వెంట్రుకలు. ఆ రెండు హెలికాప్టర్లను పిల్లల్లా చూసుకునేవాడు.

వానాకాలం మొదలయ్యాక ఒక సాయంత్రం కబురొచ్చింది. మన పటాలం వాళ్ళ లారీ ఒకటి అడవి దారిలో మందుపాతర మీదికి వెళ్ళింది. ఒక జవానుకు కాలు పోయింది, రక్తం ఆగడం లేదు. ఆ రోజు మా హెలికాప్టర్లు రెండు వేరే బేస్‌కు వెళ్ళి ఉన్నాయి. మిగిలినదాని గేర్‌బాక్స్ నా ముందే విప్పి ఉంది. పడమటి వైపు ఆకాశం నల్లగా కమ్ముకుని ఉంది. పొద్దు గూకడానికి ఎంతో సేపు లేదు. పై ఆఫీసు నుంచి, తెల్లారేదాకా ఎవరూ ఎగరొద్దని ఆర్డరు. కెప్టెన్ వాళ్ళ కమాండర్ కూడా వద్దన్నాడు. గుడారం ముందు నిలబడి ఆయన చెయ్యి అడ్డంగా ఊపడం నేను చూశాను. కెప్టెన్ ఏం జవాబు చెప్పిందో నాకు వినపడలేదు. కాసేపటికి ఆమె, ఆమె కో-పైలట్, ఆ నవ్వే మెకానిక్, ముగ్గురూ పరుగెత్తుకుంటూ వెళ్ళి ఎక్కారు. ఇంజన్ మొదలైంది.

మేమంతా రన్‌వే పక్కన నిలబడ్డాం. వాళ్ళ కమాండర్ కూడా వచ్చి మా మధ్యన నిలబడ్డాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. వాన మొదలై బలంగా కొట్టింది. తిరిగొస్తున్న హెలికాప్టర్ చప్పుడు ముందు వినపడింది, ఆ తర్వాత మసక వెలుతురులో లైట్లు కనపడ్డాయి. రన్‌వే చివర మట్టికట్ట ఒకటుంది. ఆ వానలో అది ఆమెకు కనపడి ఉండదు. హెలికాప్టర్ కాళ్ళు దానికి తగిలి ఒక పక్కకు ఒరిగింది. రెక్కలు నేలకు కొట్టుకుని ముక్కలై ఎగిరిపోయాయి. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది.

అందరం పరుగెత్తాం. దేవుడి దయవల్ల మంట అంటుకోలేదు. నేనూ ఇంకో ఇద్దరూ స్ట్రెచర్ బయటికి లాగాం. దాని మీద ఉన్న కుర్రాడు కళ్ళు తెరవకుండానే, “నీళ్ళు... జర నీళ్ళు తాపుండ్రి” అన్నాడు. ఆ వానలో, ఆ పరాయి దేశంలో, అది మా వైపు యాస. తర్వాత కనుక్కుంటే పినపాక అవతల అడవి అంచున ఉన్న ఒక కోయల గూడెం వాడని తెలిసింది.

వాడు బతికాడు. ఎడమకాలు మోకాలి కింద నుంచి పోయింది. కెప్టెన్‌కు భుజం విరిగింది. మిగతా ఇద్దరికీ చిన్న దెబ్బలే.

కానీ ఆ దేశం తెచ్చుకున్న రెండింట్లో ఒక హెలికాప్టర్ ఆ మట్టికట్ట పక్కన తుక్కుగా పడి ఉంది. విచారణ జరిగింది. ఆర్డరు కాదని వెళ్ళిందన్నారు. వాళ్ళ దేశంలో పెద్ద గొడవైందట. మనకెందుకు ఈ పరాయి యుద్ధాలు అని జనం అడిగారట. నెల తిరక్కుండానే వాళ్ళ బృందాన్ని వెనక్కి పిలిచారు. వెళ్ళేరోజు వాళ్ళు గుడారాలు మడుస్తుంటే నేను సాయం చేశాను. కెప్టెన్ చెయ్యి కట్టుతో ఉంది. “నన్ను ఇక ఎగరనివ్వరు సార్జెంట్” అని మాత్రం అంది. నేను ఆమె పెట్టె మోసుకెళ్ళి విమానంలో పెట్టాను.

ఇదంతా జరిగి కొన్నేళ్ళైంది. నేను రిటైరై ఇంటికొచ్చాక ఒకసారి పినపాక వెళ్ళి ఆ కుర్రాణ్ణి వెతుక్కుని కలిశాను. అప్పటి నుంచి రాకపోకలున్నాయి. ఒక విదేశీ హెలికాప్టర్ తనను తెచ్చిందని, అది కూలిందని వాడికి తెలుసు. దాన్ని నడిపిన మనిషి ఎగిరే ఉద్యోగం పోగొట్టుకుందని తెలియదు. ఆ మాట చెప్పి వాడి నెత్తిన ఇంకో బరువు పెట్టడం ఎందుకని నేనే ఊరుకున్నాను.

కెప్టెన్ రావాలనుకుంటోందని ఫోన్ చేసి చెప్పాను.

“ఆడమనిషా సార్ నడిపింది?” అన్నాడు.

“అవునయ్యా. ఇన్నిసార్లు చెప్పాను కదా, కెప్టెన్ అని.”

“కెప్టెన్ అంటే మగమనిషే అనుకున్న. రమ్మనుండ్రి సార్. గిట్ల అడుగుడేంది, రమ్మనుండ్రి.”

కొత్తగూడెం స్టేషన్లో పొద్దున్నే రైలు దిగింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకుంది, కొంచెం ఒళ్ళు చేసింది. నన్ను చూసి సెల్యూట్ కొట్టబోయి నవ్వేసి చెయ్యి కలిపింది. కారు కిరాయికి మాట్లాడుకుని టేకులపల్లి వచ్చాం. మా ఆవిడ దోసెలు వేసింది. ఇద్దరికీ ఒక భాష లేకపోయినా, “ఇంకొకటి వెయ్యనా?” అని మా ఆవిడ తెలుగులో అడగడం, ఆమె తలూపడంతోనే పని జరిగిపోయింది.

పినపాక దారిలో ఆమె అద్దం దించి అడవిని చూస్తూ కూర్చుంది. మే నెల. టేకుచెట్లు ఆకు రాల్చి బోడిగా ఉన్నాయి. “మా దగ్గరా ఎండే. కానీ గాలి ఎప్పుడూ ఆగదు. ఇక్కడ గాలే లేదు” అంది. మణుగూరు దాటాక అసలు మాట చెప్పింది.

“నేను ఎగరడం మానేశానని అతనికి చెప్పారా?”

“లేదు.”

“చెప్పకండి. అడిగితే వేరే ఉద్యోగంలోకి మారానని చెప్పండి. అబద్ధమేమీ కాదు.”

నిజమే. వాళ్ళు ఆమెను సముద్రంలో తప్పిపోయిన పడవల్ని వెతికించే కంట్రోల్ రూములో కూర్చోబెట్టారు. హెడ్‌ఫోన్ పెట్టుకుని పైలట్లతో మాట్లాడే పని.

గూడెం చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. తునికాకు కోసే రోజులవి. తెల్లవారుజామునే అడవికి వెళ్ళిన ఆడవాళ్ళు ఆకుల మూటలు ఎత్తుకుని తిరిగొస్తున్నారు. బీడీలు చుట్టడానికి వాడే ఆకు అది. ఏడాదిలో కొద్దిరోజులే దొరుకుతుంది కాబట్టి ఆ కాలంలో ఇంటిల్లిపాదీ దాని మీదే ఉంటారు. ఆ కుర్రాడి ఇంటి ముందు పందిరి కింద వాళ్ళమ్మ ఆకులు కుప్ప పోసుకుని కట్టలు కడుతోంది. భార్య ఇంకా అడవి నుంచి రాలేదు.

వాడు ఎదురొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, ప్యాంటు. ఉత్తప్పుడు లుంగీ మీద ఉండేవాడు. ప్యాంటు కింద పెట్టుడుకాలు కనపడకుండా బూట్లు కూడా వేసుకున్నాడు. కెప్టెన్ ఎదుట నిలబడి సెల్యూట్ చేశాడు. ఆమె కూడా చేసింది. ఆ తర్వాత ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు. వాడు నా వైపు చూశాడు, ఆమె నా వైపు చూసింది.

“కూసోమనుండ్రి సార్” అన్నాడు చివరికి.

కుర్చీ వేశాడు. ఆమె కుర్చీ వదిలి వాళ్ళమ్మ పక్కన చాప మీద కూర్చుంది. ముసలామె కొడుకుతో కోయ భాషలో ఏదో అడిగింది. వాడు జవాబు చెప్పాడు. ఆమె చేతిలోని ఆకులు కింద పెట్టి కెప్టెన్ మొహంలోకి చాలాసేపు చూసింది. నా వైపు తిరిగి, “ఈ పిల్లేనా?” అంది తెలుగులో.

“అవునమ్మా.”

“మస్తు దూరం నుంచి వచ్చింది గదా. ఏమన్న తిన్నదా?”

తిందని చెప్పినా వినలేదు. లోపలికి వెళ్ళి అంబలి తెచ్చి పెట్టింది. కెప్టెన్ తాగింది. ముసలామె మళ్ళీ ఆకులు చేతిలోకి తీసుకుంటే తనూ ఒక గుప్పెడు తీసుకుని చూసి చూసి పేర్చడం మొదలుపెట్టింది. మొదటి కట్ట వదులుగా వచ్చింది. ముసలామె దాన్ని లాక్కుని విప్పి ఆమె చేతిలోనే పెట్టి మళ్ళీ కట్టించింది. నారతో ముడి ఎలా వెయ్యాలో రెండుసార్లు చూపించింది. పడవ తాళ్ళు ముడివేసి పెరిగిన చేతులు కదా, తొందరగా పట్టు దొరికింది.

అలా చేతులు ఆడుతుండగా మాటలు సులువయ్యాయి. వాడు తన సంగతి చెప్పుకొచ్చాడు. పెన్షన్ వస్తోందని, ట్రాక్టర్ ఉందని, చుట్టుపక్కల పొలాలు దున్నుతున్నానని, పెళ్ళై ఒక పాప పుట్టిందని. నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్తుంటే ఆమె ఒక్కో మాటకూ తలూపుతూ వింది. లారీ పేలిన రోజు గురించి అడిగింది. వాడికి పెద్దగా గుర్తు లేదు. “పెద్ద చప్పుడైంది. ఇగ అంతే. దవాఖానాల లేసిన. నడుమ ఏమైందో తెల్వది” అన్నాడు.

కెప్టెన్ వచ్చింది ఆ నడుమ ఏమైందో వాడి నోట వినడానికేమో అని నాకు అప్పుడు అనిపించింది. వాడికి అది గుర్తే లేదు. ఆమె చేతిలో ఆకులు ఒక క్షణం ఆగి మళ్ళీ కదిలాయి.

అప్పుడే ముసలామె అడిగింది. “ఇప్పుడు గూడ గాల్ల నడుపుతున్నదా అది?”

“లేదమ్మా. వేరే పనికి మారింది” అన్నాను నేను.

వాడు తలెత్తాడు. సైన్యంలో పనిచేసినవాడు. ఎగిరేవాళ్ళు ఊరికే వేరే పనికి మారరని వాడికి తెలుసు.

“ఎందుకు మారింది సార్?”

నేను కెప్టెన్ వైపు చూశాను. ఆ చూపే జవాబైంది. వాడి మొహం మారిపోయింది. “నా వల్లనేనా?” అన్నాడు.

కెప్టెన్ మా ఇద్దర్నీ చూసి, “ఏమడిగాడు?” అంది. దాచడానికి ఇక దారి లేక ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె చేతిలోని కట్ట పక్కన పెట్టింది.

“సరే, నిజమే చెప్పండి. ఎగరనివ్వలేదని చెప్పండి. ఇంకో మాట కూడా చెప్పండి. చాలాకాలం ఇతని మీద నాకు కోపం ఉండేది. ఎవరో తెలియదు, మొహం గుర్తు లేదు, పేరు తెలియదు. అయినా కోపం. ఒకణ్ణి తేవడానికి వెళ్ళి నా దేశపు హెలికాప్టర్ పోగొట్టాను, మా కమాండర్ తల దించుకునేలా చేశాను, నా రెక్కలు పోయాయి. ఆ ఒక్కడు అంత చేసే మనిషేనా అని రోజూ అనుకునేదాన్ని. సిగ్గుపడాల్సిన మాటే. కానీ అనుకున్నాను. అది తగ్గిందో లేదో చూసుకుందామనే వచ్చాను.”

ఆ మాటలు తెలుగులో చెప్పడానికి నాకు నోరు రాలేదు. కొంచెం మెత్తగా చేసి చెప్పాలనిపించింది. కానీ ఆమె నా మొహంలోకే చూస్తోంది. ఒక్కమాట వదలకుండా చెప్పాను.

వాడు బూటు వైపు చూశాడు. ఆ తర్వాత నెమ్మదిగా అన్నాడు.

“నాకు గూడ కోపమే ఉండె సార్. దవాఖానాల లేసి చూస్తే కాలు లేదు. ఎవడు తెమ్మన్నడు నన్ను? అక్కడ్నే వదిలేస్తే అయిపోతుండె గదా అనుకున్న. ఊరికొచ్చినంక గూడ మస్తు రోజులు గట్లనే అనుకున్న. అడవిల తిరిగేటోనికి కాలు లేకపోతే ఏముంటది? ఆ హెలికాప్టరోళ్ళని తిట్టుకుంట పండుకునేటోన్ని. చెప్పుండ్రి సార్ మేడమ్‌కి. గిది గూడ చెప్పుండ్రి.”

చెప్పాను. ఆమె వింది. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి గానీ తుడుచుకోలేదు. “ఇద్దరం ఒకర్నొకరు తిట్టుకున్నామన్నమాట” అంది. అది చెప్తే వాడు ఒక్కసారి నవ్వాడు. నవ్వుతూనే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

ముసలామెకు తెలుగు పూర్తిగా అందదు. అయినా కొడుకు చెప్పిన మాట అందినట్టే ఉంది. వదిలేస్తే అయిపోయేది అనుకున్నానన్న మాట ఆమె ఇన్నేళ్ళలో వినలేదేమో. చేతులు ఆపేసి వాణ్ణి కోయలో గట్టిగా ఏదో అంది. వాడు తల దించుకున్నాడు.

“ఏమంటోందయ్యా?” అన్నాను.

“ఏం లేదు సార్.”

“చెప్పు.”

వాడు కాసేపు నసిగి చెప్పాడు. “మీ కోపాలు మీరు చూసుకోండ్రి గని, నాకైతే నా కొడుకు ఇంటికొచ్చిండు. గంతే, గిది చెప్పు ఆ పిల్లకి అంటున్నది.”

అది నేను ఇంగ్లీషులో చెప్పాను. కెప్టెన్ ఆ ముసలామె చెయ్యి పట్టుకుంది. ఆకు పసరుతో నల్లబడ్డ చెయ్యి. ముసలామె కాసేపు ఉండనిచ్చి, ఆకులు ఆరిపోతున్నాయని సైగ చేసి చెయ్యి విడిపించుకుంది. ఈసారి వాడితో కలిసి ముగ్గురూ కట్టలు కట్టడంలో పడ్డారు. నేను కూడా ఒక గుప్పెడు తీసుకున్నాను. నేను కట్టింది ఎవరికీ నచ్చలేదు.

మధ్యాహ్నం వాడి భార్య వచ్చి నాటుకోడి వండింది. చింతచిగురు వేసింది. కెప్టెన్ కారానికి చెమటలు కక్కుతూ తింది. పాప ఆమె పొట్టి జుట్టు ముట్టుకుని చూసి నవ్వుకుంటూ పారిపోయేది, మళ్ళీ వచ్చేది.

తిన్నాక వాడు బూట్లు విప్పేశాడు. లుంగీ కట్టుకున్నాడు. దాచడం ఎందుకనుకున్నాడో ఏమో. ట్రాక్టర్ చూపిస్తానని ఇంటి వెనక్కి తీసుకెళ్ళాడు. ఎక్కి స్టార్ట్ చేశాడు. కెప్టెన్ వాడి పాదాల వైపే చూస్తోంది.

“క్లచ్ ఆ కాలుతోనే తొక్కుతాడా?” అంది నాతో.

“అవ్. మొదట్ల తెలిసేది కాదు, ఎంత లోతు తొక్కుతున్ననో” అన్నాడు వాడు, నేను అడిగితే. “కాలుకు తెల్వదు గదా. ఇప్పుడు ఇంజన్ చప్పుడును బట్టి తెలుస్తది.”

ఆ మాట చెప్పగానే ఆమె మొహం విచ్చుకుంది. “హెలికాప్టర్‌లో మాకూ రెండు పెడళ్ళు ఉంటాయి. తోక అటూ ఇటూ తిరగడానికి. పాదంతో కాదు, నడుముతో, చెవులతో తొక్కాలి అని నేర్పేవాళ్ళు” అంది. అలా మొదలైంది. పెడళ్ళ గురించి, చేతితో పట్టి నడిపే కర్రల గురించి, ఇంజన్ చప్పుడులో తేడాల గురించి ఆమె చెప్పడం, నేను తెలుగు చేయడం, వాడు తిరిగి అడగడం. కాసేపటికి నేను అనువదించకముందే వాడు తలూపుతున్నాడు. మాటలకన్నా ఆమె చేతులే ఎక్కువ చెప్తున్నాయి.

“నడుపుతదా సార్ మేడమ్?” అన్నాడు వాడు.

అడిగాను. ఆమె నా వైపు చూసింది, ట్రాక్టర్ వైపు చూసింది. “ఆ రోజు తర్వాత నేను స్కూటర్ కూడా నడపలేదు” అంది. అంటూనే ఎక్కింది.

వాడు మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. దున్నని పొలం. మొదట ట్రాక్టర్ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. వాడు నవ్వలేదు. చెయ్యి కిందికి చూపించి, నెమ్మదిగా, నెమ్మదిగా అన్నట్టు సైగ చేశాడు. రెండోసారి కదిలింది. ఆ పొలం చివరిదాకా తీసుకెళ్ళింది. గట్టు దగ్గర తిప్పడం రాక ఆగితే వాడు స్టీరింగ్ మీద చెయ్యి వేసి తిప్పాడు. తిరుగుదారిలో ఆమే తిప్పింది. దుమ్ము లేచి ఇద్దరూ సరిగ్గా కనపడలేదు. గూడెంలో పిల్లలూ ఆడవాళ్ళూ వచ్చి గట్టు మీద నిలబడి చూశారు. ముసలామె పందిరి కింద నుంచే కేకేసింది. ఎండల తిప్పుతావురా ఆ పిల్లను అని తిట్టిందట.

కెప్టెన్ కిందికి దిగింది. మొహం నిండా దుమ్ము, చెమట. ఏడ్చిందో లేదో ఆ దుమ్ములో నాకు తెలియలేదు. నేను అడగలేదు.

సాయంత్రం బయల్దేరేటప్పుడు వాడు కారు దాకా వచ్చాడు. ఈసారి సెల్యూట్ చెయ్యలేదు. రెండు చేతులతో ఆమె చెయ్యి పట్టుకున్నాడు. “మేడమ్‌కు ఏం చెప్పాల్నో నాకు తెల్వది సార్” అన్నాడు నాతో. “ఏం చెప్పకు” అన్నాను. వాళ్ళమ్మ ఒక చిన్న మూటలో ఎండిన ఇప్పపువ్వు కట్టి ఆమె ఒళ్ళో పెట్టింది. విమానంలో తీసుకెళ్ళనిస్తారో లేదో అని నేను అనబోతే కెప్టెన్ నన్ను మాట్లాడనివ్వలేదు.

కొత్తగూడెం దాకా ఆ మూట ఒళ్ళోనే పెట్టుకుని కూర్చుంది. రైలెక్కే ముందు ఒక్కటే అంది. “కోపం తగ్గింది సార్జెంట్. పూర్తిగానా అంటే తెలియదు. కానీ ఇప్పుడు దానికి ఒక మొహం ఉంది. ఆ మొహం మీద కోపం నిలవడం లేదు.”

ఆమె మళ్ళీ హెలికాప్టర్ ఎక్కలేదు. వాళ్ళు ఎక్కించలేదు, తను అడగలేదు. ఆ కంట్రోల్ రూములోనే పెద్ద బాధ్యతకు వచ్చింది. వాతావరణం బాగోలేనప్పుడు పైలట్లు వెళ్ళాలా వద్దా అన్నది ఇప్పుడు ఆమె నోటి మాట.

కిందటి వానాకాలంలో ఒక మెసేజ్ పెట్టింది. తుపానులో ఒక చేపల పడవ తప్పిపోయిందట. కుర్ర పైలట్ ఒకతను వెళ్తానని పట్టుబట్టాడట. ఆమె వద్దంది. “వద్దు అన్న ఆ ఒక్కమాట అనడానికి నాకు ఎంత కష్టమైందో మీకు చెప్పలేను. పడవలో ఉన్నవాళ్ళలో మా నాన్న వయసు వాళ్ళున్నారు. అయినా అన్నాను. పొద్దున గాలి తగ్గాక పంపించాను. పడవకు అంటిపెట్టుకుని ఉన్నారు, అందరూ దొరికారు. దొరక్కపోయి ఉంటే ఏమయ్యేదాన్నో తెలియదు. ఆ సాయంత్రం మా కమాండర్ నాకు చెయ్యి అడ్డంగా ఊపి, తర్వాత మీ అందరి మధ్యా వానలో ఏమీ మాట్లాడకుండా నిలబడ్డాడని మీరు అప్పట్లో చెప్పారే, అది ఇప్పుడు అర్థమైంది. ఆయనకు ఫోన్ చేశాను.”

ఆ వారంలోనే పినపాక వెళ్ళాల్సిన పని పడింది. మావాడు పొలంలో ఉన్నాడు. నాట్ల కోసం దమ్ము చేస్తున్నాడు. ట్రాక్టర్ ఆపకుండానే గట్టు దగ్గరికి తెచ్చాడు. నేను మెసేజ్ చదివి తెలుగులో చెప్పాను. వాడు మొత్తం విని ఇంజన్ ఆపేశాడు.

“ఆ రోజు గూడ మేడమ్ వద్దనుకుని రాకపోయుంటే నేను ఉండేటోన్ని కాదు సార్” అన్నాడు. “గని రాకపోయినా తప్పు పట్టేదేముంది. వచ్చేటోళ్ళు గూడ మనుషులే గదా.”

“ఇది ఆమెకు పంపమంటావా?”

“పంపుండ్రి. మా అమ్మ అడిగిందని గూడ పెట్టుండ్రి. ఇప్పపువ్వు అయిపోయిందా, మళ్ళ పంపాల్నా అని అడుగుతున్నది.”

గట్టు మీదే నిలబడి టైపు చేసి పంపాను. వాడు మళ్ళీ ట్రాక్టర్ స్టార్ట్ చేసుకుని బురదలోకి దిగాడు.